మామ్మ పలకని దేశం పేరు

మా తాత పేరు ఒక దేశం పేరు. ఇందులో విడ్డూరమేమీ లేదు. కంకిపాడు నుంచి పామర్రు దాకా రోడ్డుకి అటూ ఇటూ ఉన్న క్రైస్తవ పేటల్లో దేనిలోకైనా వెళ్ళి "ఇశ్రాయేలూ" అని కేకేస్తే తక్కువలో తక్కువ ఇద్దరు పలికేవారు, ఒకరు చేలోంచి, ఒకరు గుడి అరుగు మీంచి. మేం చర్చిని గుడి అనే అంటాం.

చిక్కంతా మా మామ్మకే వచ్చింది. మా నాన్నని కన్న తల్లి ఆవిడ. మొగుడి పేరు నోటితో పలకకూడదన్న పట్టింపు ఆవిడకి ఉండేది. ఎప్పుడో వాళ్ళ తాతల కాలంలో మతం మారిందిగానీ ఆ పట్టింపు మారలేదు. గుళ్ళో పాట పాడుతున్నప్పుడు ఆ పేరు వచ్చే చోట నోరు మూసుకుని, తర్వాతి మాట దగ్గర అందుకునేది. పాస్టరుగారు ప్రార్థన చెయ్యమంటే లేచి నిలబడి, "ఆయన జనాన్ని కాపాడు తండ్రీ, ఫిలిష్తీయుల్ని అణగదొక్కు తండ్రీ" అనేది. 'ఆయన' అంటే దేవుడని పాస్టరుగారు అనుకునేవారు. మామ్మ మనసులో ఉన్నది పోయిన మా తాత. ఆ దేశమంటే ఆవిడకి అత్తవారి తాలూకు ఊరి కింద లెక్క.

పంచాయతీ ఆఫీసు గోడకి బిగించిన రేడియో సాయంత్రం వార్తలు చెప్పేది. అందులో పాలస్తీనీయులు అనేవారు. గుళ్ళో, బైబిల్లో ఉన్న ఇశ్రాయేలీయుల పాత శత్రువుల్ని ఫిలిష్తీయులు అనేవారు. మా పేట మొత్తానికి ఇద్దరూ ఒకటే. రేడియోవాళ్ళు పట్నం మనుషులు, నోరు తిరక్క అలా పలుకుతున్నారని మామ్మ తీర్మానించింది. వాళ్ళు వేరు వీళ్ళు వేరు అని నేను ఒకసారి చెప్పబోయాను.

"నీ చదువెంత? ఆళ్ళు నీకంటే ముందునుంచీ ఉన్నారు," అంది.

అక్కడ పెద్ద యుద్ధం జరిగిన ఏడు మా ఊళ్ళో కిరసనాయిలు మాయమైంది. అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయని రేడియో చెప్పింది. డిపో ముందు డబ్బాలు వరసలో పెట్టి మేం పక్కన కూర్చునేవాళ్ళం. "ఆయన దేశం మీద పడింది చాలక నా బుడ్డిలో చమురు కూడా పీకేశారు," అని మామ్మ ఫిలిష్తీయుల్ని తిట్టింది. లోకంలో జరిగే యుద్ధాల్లో ఏ పక్షాన ఉండాలో అంత తేలిగ్గా తేల్చుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇక మా ఇంటి సంగతి. రెండు పెద్ద చేల మధ్య ఒక మెరక ఉండేది. దాన్ని దిబ్బ అనేవాళ్ళం. దాని మీద అయిదు పాకలు, అందులో మొదటిది మాది. చుట్టూ ఎంత నీళ్ళు నిలిచినా దిబ్బ మీదికి చుక్క ఎక్కేది కాదు. డెల్టాలో మెరక చోటు అంటే ఏమిటో వానాకాలంలో ఒక్క నెల అక్కడ ఉన్నవాళ్ళకి తెలుస్తుంది. మా తాత పెళ్ళైన కొత్తలో వేసిన పాక అది. మా నాన్న అందులోనే పుట్టాడు, నేనూ అందులోనే పుట్టాను. పట్టా మాత్రం లేదు.

దిబ్బకి ఒక పక్క చేను మేడ ఆసామిది. ఊళ్ళో మొదట మేడ కట్టింది ఆయనే. రెండో పక్క చేను ట్రాక్టరు ఆసామిది. మొదట ట్రాక్టరు కొన్నది ఈయన. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. దిబ్బ నాదంటే నాదని తగాదా వేసుకుని బెజవాడ కోర్టు చుట్టూ తిరిగేవారు. దారిలో ఎదురుపడితే ఒకరు కాలవ వైపు చూసేవారు, ఒకరు ఆకాశం వైపు చూసేవారు.

ఇద్దరికీ మా మీద మాత్రం చెప్పలేనంత ప్రేమ. "మిమ్మల్ని దిబ్బ మీద పెట్టింది మా నాన్నేనని సాక్ష్యం చెప్పండి, అంతే చాలు," అని మేడ ఆసామి అడిగేవాడు. సరిగ్గా అదే మాట ట్రాక్టరు ఆసామి తన నాన్న గురించి అడిగేవాడు. క్రిస్మస్‌కి ఒక ఇంటి నుంచి బెల్లం వస్తే, సాయంత్రానికి రెండో ఇంటి నుంచి నువ్వుల నూనె వచ్చేది. "ఈ ముసల్దాని పాక జోలికి ఎవడొస్తాడో చూస్తా, నా ప్రాణం అడ్డు పెడతా," అని ఇద్దరూ నలుగురిలో అనేవారు. మామ్మ ఇద్దరికీ దణ్ణం పెట్టి ఇద్దరికీ సాక్ష్యం చెబుతాననేది. ఎవరి ప్రాణమూ అవసరం పడలేదు. పట్టా గురించి అడిగితే మాత్రం ఇద్దరూ ఒకే మాట చెప్పేవారు, కోర్టు తేల్చాక చూద్దామని.

నేను టీచరు ట్రైనింగుకి బెజవాడ వెళ్ళి హాస్టల్లో చేరాక పేపరు చదవడం అలవాటైంది. చదువుతుంటే అక్కడ కూడా మా ఊరి భాగోతమే కనిపించేది. ఆ చుట్టుపక్కల రాజులూ అధ్యక్షులూ అంతా పాలస్తీనా వాళ్ళ కోసం ప్రాణమిచ్చేవాళ్ళే. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. తమలో ఎవరు పెద్ద అన్నది తేల్చుకోవడానికి అందరికీ ఆ ఇల్లు లేని జనమే కావాలి. శిబిరాల్లో ఉంచుతారు, ఉపన్యాసాల్లో ఏడుస్తారు. మాకు బెల్లమూ నువ్వుల నూనే అయినా వచ్చాయి.

ఇలాంటి చోటికి మధ్యవర్తి రాకుండా ఉండడు. మా మధ్యవర్తి కంకిపాడు దగ్గర రైసుమిల్లు యజమాని. ఊళ్ళో అందరూ మిల్లుగారు అనేవారు. ఏదో క్లబ్బు తరఫున నెల్లాళ్ళు అమెరికా చూసొచ్చాడు. అక్కణ్ణుంచి ఒక కోటూ, 'ప్యాకేజీ' అనే మాటా తెచ్చుకున్నాడు. కోటు ఎండలకి తట్టుకోలేక బీరువాలోకి పోయింది. మాట మాత్రం నిలిచిపోయింది. తెల్లారితే ఇంగ్లీషు పేపరు చదివి, అమెరికా మంత్రి విమానంలో ఆ రాజధానికీ ఈ రాజధానికీ మధ్య ఎలా తిరిగి యుద్ధం ఆపించాడో మిల్లుకి ధాన్యం తెచ్చిన రైతులందరికీ చెప్పేవాడు. చెప్పి చెప్పి తనకీ అలాంటి పని చెయ్యాలనిపించింది.

మేడ ఆసామి ఇంటికీ ట్రాక్టరు ఆసామి ఇంటికీ మధ్య దూరం ఒక కేకంత. అరుగు మీద నిలబడి దగ్గితే రెండో ఇంట్లో వినపడుతుంది. మిల్లుగారు ఆ దూరం అంబాసిడర్ కారులో తిరిగేవాడు. ఒక ఇంట్లో పెసరట్టు తిని, వాళ్ళ మాట మోసుకుని, కారెక్కి, వీధి చివర తిప్పుకుని, రెండో ఇంటి ముందు దిగి, అక్కడ మళ్ళీ పెసరట్టు తినేవాడు. ఒకచోట తిని ఇంకోచోట వద్దంటే పక్షపాతం అవుతుందట. ఏడాది తిరిగేసరికి రాజీ కుదరలేదుగానీ ఆయన చొక్కాలు బిగుతయ్యాయి.

మధ్యలో తన ఆయిలింజను ఒకటి మేడ ఆసామికి వాడుకోమని ఇచ్చాడు. ట్రాక్టరు ఆసామి అలిగాడు. ఆయన్ని బుజ్జగించడానికి అంతకంటే పెద్ద ఇంజను తెప్పించి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే పంట బోదెకి చెరో పక్క ఇంజన్లు పెట్టి, పోటీ పడి నీళ్ళు తోడారు. బోదె కింద ఉన్న చిన్న రైతుల చేలు నోళ్ళు తెరిచాయి. వాళ్ళు వెళ్ళి మొత్తుకుంటే మిల్లుగారు విసుక్కున్నాడు. "ఇద్దరి బలం సమానంగా ఉంటేనే కదయ్యా శాంతి ఉండేది. దాన్ని బ్యాలెన్స్ అంటారు," అన్నాడు. ఆ ఏడు వాళ్ళకి పండింది ఆ ఇంగ్లీషు మాట ఒక్కటే.

తర్వాత కొన్నేళ్ళకి, నేను ట్రైనింగు రెండో ఏడులో ఉండగా, అమెరికా అధ్యక్షుడు ఈజిప్టు అధ్యక్షుణ్ణీ ఇజ్రాయెల్ ప్రధానినీ ఒక కొండ మీద విడిదికి తీసుకెళ్ళి, రాజీ కుదిరేదాకా కదలనివ్వలేదని పేపర్లలో వచ్చింది. మిల్లుగారు ఆగుతాడా? బ్యారేజీ దగ్గర కాలవల శాఖ బంగళా ఒకటి ఎవరినో పట్టుకుని అడిగి తీసుకున్నాడు. అన్నదమ్ములిద్దర్నీ అక్కడికి పిలిపించి, వరండాకి ఆ చివరొక గదిలో ఒకర్నీ ఈ చివరొక గదిలో ఒకర్నీ పెట్టి, మధ్య గదిలో తను కూర్చున్నాడు.

ట్రాక్టరు ఆసామి పాలేరు ఈ కబురు మోసుకురాగానే మామ్మ తెల్ల చీర కట్టుకుని, బస్సెక్కి, మా హాస్టలు గేటు ముందుకొచ్చి నిలబడింది. "దిబ్బ గురించి మాట్లాడతన్నారంటే మనం లేకపోతే ఎట్టా? పద," అంది. క్లాసు ఎగ్గొట్టి వెళ్ళాను. బంగళా వాచ్‌మన్ మమ్మల్ని ఎగాదిగా చూసి, వరండా మెట్ల మీద కూర్చోమన్నాడు. పొద్దున కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నమైనా అక్కడే ఉన్నాం. కాఫీలు లోపలికి వెళ్ళేవి, ఖాళీ గ్లాసులు బయటికి వచ్చేవి. ఒకసారి ఒకరి గదిలోకి ముందు టిఫిను వెళ్ళిందని రెండో గదిలో పెద్ద గొడవైంది. మిల్లుగారు పరుగున వెళ్ళి, రెండు ప్లేట్లూ వెనక్కి తెప్పించి, మళ్ళీ ఒకేసారి పంపించాడు.

పొద్దు పోక నేను సంచీలోంచి పేపరు తీశాను.

"ఏం రాశారే ఆయన దేశం గురించి?"

"ఈజిప్టుతో రాజీ మాట్లాడుతున్నారు మామ్మా. అమెరికా అధ్యక్షుడు కూచోబెట్టాడు."

"ఈజిప్టు అంటే?"

"ఐగుప్తు."

బైబిల్లో ఆయన జనాన్ని బానిసలుగా పెట్టుకున్న దేశం అది. మామ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఐగుప్తోళ్ళతో రాజీ పడ్డారంటే ఇంక ఎవళ్ళతోనైనా పడొచ్చు," అంది. తర్వాత, "మరి ఫిలిష్తీయులు?"

"వాళ్ళని పిలవలేదు."

"మంచి పని చేశారు. పిలిస్తే తేలనిస్తారా?"

"మనల్ని కూడా పిలవలేదు మామ్మా."

"పిలుస్తారు. మనమేమన్నా ఫిలిష్తీయులమా?" అంది, చీర కొంగు సర్దుకుంటూ.

అప్పుడే మిల్లుగారు చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. మమ్మల్ని చూసి ముందు చిరాకుపడి, తర్వాత పని గుర్తొచ్చి నవ్వాడు.

"ఏమే, నువ్వొచ్చింది మంచిదైంది. దిబ్బ మీద మొదట పాక వేసిన వాడి పేరు కావాలంటున్నారు లోపల. నీ మొగుడేగా. ఏం పేరతనిది?"

మామ్మ లేచి నిలబడి తల వంచుకుంది. నేను చెప్పబోతే చెయ్యి నొక్కింది. పెద్దవాళ్ళు అడిగింది తనని కాబట్టి జవాబు తనే చెప్పాలని ఆవిడ పట్టుదల.

"పేపర్లో ఉంది బాబుగారూ," అంది.

మిల్లుగారు తెల్లబోయి నా చేతిలో పేపరు లాక్కుని చూశాడు. "నీ మొగుడి పేరు పేపర్లో ఎందుకుంటుందే?"

"ఉంది బాబుగారూ. అమెరికావోళ్ళు కూచోబెట్టిన ఇద్దర్లో, ఐగుప్తోళ్ళు కాకుండా రెండో ఆళ్ళు."

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే లోపలికి పోయి ఆ చివర గదిలో చెప్పాడు. అక్కడొక నవ్వు లేచింది. ఈ చివర గదిలో చెప్పాడు. ఇక్కడొక నవ్వు లేచింది. అన్నదమ్ములిద్దరూ తలుపులు తీసుకుని మధ్య గదిలోకి వచ్చి, "మన ముసల్దాని మొగుడికి అమెరికా సపోర్టు ఉందంటరా," అని ఒకరి భుజం మీద ఒకరు కొట్టుకుంటూ నవ్వారు. కోర్టుకెక్కిన తర్వాత వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు. మిల్లుగారి పెసరట్లూ ఆయిలింజన్లూ చెయ్యలేని పని మామ్మ పట్టింపు చేసేసింది. గంట గడవక ముందే రాజీ కుదిరిపోయింది.

మామ్మ కూడా నవ్వింది. తన మాటకి పెద్దవాళ్ళు అంత సంతోషపడ్డారు కదా అని. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. మిల్లుగారు ప్యాకేజీ వినిపించాడు. దిబ్బ తవ్వి చేలతో సమానం చేసి చెరి సగం కలుపుకుంటారు. మధ్యలోంచి బండ్ల బాట ఒకటి వేస్తారు. కేసు వెనక్కి తీసుకుంటారు. దిబ్బ మీద ఉన్నవాళ్ళు తాత్కాలికంగా మురుగు డ్రైను గట్టు మీదికి మారతారు.

"ఆళ్ళంటే మేమేగా బాబుగారూ," అంది మామ్మ.

"మీరే. మీ సంగతి మేం మర్చిపోలేదే. అది ప్యాకేజీలో రెండో భాగం. తర్వాత విడిగా కూచుని మాట్లాడదాం."

"నేనిక్కడే ఉన్నా గదండీ. ఇప్పుడే మాట్లాడండి."

"తొందరపడకు. పెద్దది తేలింది, చిన్నది తేలకపోద్దా?"

మామ్మ మేడ ఆసామి వైపు చూసింది. ఆయన కృష్ణానది వైపు చూశాడు. ట్రాక్టరు ఆసామి వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూశాడు. ప్రాణాలు అడ్డు పెడతామన్న ఇద్దరికీ ఇప్పుడు ఆవిడ సాక్ష్యంతో పని లేదు. వాళ్ళు కొట్టుకున్నన్నాళ్ళూ మా పాక నిలిచింది. వాళ్ళు కలిసిన రోజున మాకు చోటు పోయింది. ఆ ముక్క మామ్మకి అప్పుడే అర్థమైందని నేననుకోను. నాకు మాత్రం అర్థమైంది.

గవర్నరుపేట నుంచి రప్పించిన ఫొటోగ్రాఫరు స్టాండు నిలబెట్టాడు. మిల్లుగారు మధ్యలో నిలబడి ఇద్దరి చేతులూ కలిపి పట్టుకున్నాడు, పేపర్లో చూసినట్టే. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలోంచి తల బయటికి పెట్టి, "మామ్మగారూ, మీరు కొంచెం పక్కకి జరగండి, ఫొటోలో పడుతున్నారు," అన్నాడు. ఆ రోజు మొత్తంలో ఆవిడకి 'గారు' తగిలించి మాట్లాడింది ఆయనొక్కడే.

కోతలైపోగానే పాకలు పీకారు. మా నాన్న మా పాకని నిలబెట్టిన నిట్రాట గుంజ తనే తవ్వి తీశాడు, ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వలేదు. బండ్ల బాట దిబ్బ ఉన్న చోటు మీదుగా తిన్నగా పోయి, మిల్లుగారు కొత్తగా కట్టుకున్న గోడౌను ముందు ఆగింది. ఆ బాట అక్కడికే ఎందుకు పోవాలో ఎవరూ అడగలేదు. ఆ శీతాకాలమే ఆ కొండ మీద రాజీపడ్డ ఇద్దరికీ ఏదో శాంతి బహుమతి ఇచ్చారని విన్నాం. మా ఊరివాళ్ళు మిల్లుగారికి సభ పెట్టి శాలువా కప్పారు. ఆయిలింజన్లు ఇద్దరి దగ్గరే ఉండిపోయాయి. శాంతి నిలబడాలంటే అవి అవసరమట.

డ్రైను గట్టు మీద మా కొత్త పాక మొదటి వానకే మునిగింది. పొయ్యి మంచం మీదికి ఎక్కింది. మామ్మ పొయ్యి పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చుని, రెండో భాగం మాటలకి ఎప్పుడు పిలుస్తారోనని ఎదురుచూసేది. మా నాన్న రెండుసార్లు మిల్లుకి వెళ్ళొచ్చాడు. "మాట మాటే. ఇద్దరి వీలూ చూసి పెడతా," అని మిల్లుగారు చెప్పి పంపాడు. ఆయన గోడ మీద మాత్రం ఆ ఫొటో వేలాడుతూ ఉండేదట.

ఆ వానాకాలంలోనే సెలవులకి వచ్చి ఒక ఆదివారం మామ్మతో గుడికి వెళ్ళాను. దేవుడి జనానికీ ఐగుప్తుకీ సంతకాలైపోయాయని పాస్టరుగారు సంతోషంగా చెప్పి, మామ్మని ప్రార్థన చెయ్యమన్నారు. మామ్మ లేచింది. "ఆయన జనాన్ని కాపాడు తండ్రీ," అంది. అలవాటుగా రావలసిన రెండో మాట కోసం అందరూ కళ్ళు మూసుకుని కాచుకున్నారు. ఫిలిష్తీయుల మాట రాలేదు. మామ్మ "ఆమెన్" అని కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు డ్రైను పొంగి దారి మీదికి వచ్చేసింది. మామ్మ కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, నా భుజం ఆసరా చేసుకుని, నీళ్ళలో నడుస్తోంది.

"రాజీ అయింది గదా. మరి ఆ పిలవనోళ్ళకి ఇళ్ళు ఎక్కడిచ్చారే?" అని అడిగింది.

"ఇంకా ఇవ్వలేదు మామ్మా. వాళ్ళ సంగతి తర్వాత విడిగా మాట్లాడతారంట."

మామ్మ నీళ్ళలో ఆగిపోయింది. మా పాక వైపు చూసింది.

"అయితే ఆళ్ళదీ డ్రైను గట్టేనన్నమాట," అంది.